కుడి లేను ఖాళీ

తొలి రోజు

ఈ చిట్టా మొదలుపెట్టే ముందు నిబంధన ప్రకారం ప్రమాణం చేస్తున్నాను. పెంచల సాకేత్ అను నేను, సివిల్ ఇంజనీరింగ్ మూడో ప్రయత్నంలో ఉత్తీర్ణుడనై, పెద్దరోడ్డు 214వ కిలోమీటరు దగ్గర వరుస పరిశీలకుడిగా నియమితుడనై, కళ్లతో చూసింది మాత్రమే రాస్తాను. పరిశీలకుడు అభిప్రాయాలు రాయకూడదని తొమ్మిదో నిబంధన. ఇది చాలా గొప్ప నిబంధన అని నా అభిప్రాయం.

ఒంగోలు నుంచి కావలి వైపు పోయే దారిలో, సింగరాయకొండ దాటాక, కుడి లేనుని ఆరువందల మీటర్లు తవ్వేశారు. ఎడమ లేను మిగిలింది. రెండు లేన్లలో వచ్చిన బళ్లు ఒక్క లేనులోకి దూరే చోటుని మావాళ్లు గొంతు అంటారు. గొంతుకి కిలోమీటరు ముందు నేనొక బోర్డు పెట్టాను: "ముందు కుడి లేను మూసివేయబడినది. దయచేసి ఎడమకు రండి."

ఈ బోర్డు కనబడగానే, మనిషి చెయ్యి పెట్టకుండా కారుని నడిపే సారథి యంత్రం ప్రతి కారులోనూ చేతులెత్తేస్తుంది. "ఇక్కడి రోడ్డు నా జ్ఞాపకంలో లేదు. ఇకపై మీరే నడపండి" అని మర్యాదగా చెప్పి, ముందు అరలోంచి స్టీరింగుని బయటికి తోసి ఊరుకుంటుంది. అప్పుడు లోపలివాళ్ల మొహాలు చూడాలి. కునుకు తీస్తున్నవాడి ఒళ్లో ఎవరో పరాయి చంటిబిడ్డను పెట్టి బస్సెక్కి వెళ్లిపోయినట్టుంటాయి.

వరుస పొడవు: కిలోమీటరున్నర. గొంతులోంచి నిమిషానికి పన్నెండు బళ్లు. తారు లారీలు వచ్చినవి రెండు. రెండూ పొగలు కక్కుతూ వచ్చాయి.

మా సైటు పెద్ద మస్తానక్క. ఇరవై రెండేళ్లు జెండా ఊపి, తారు పోసి, రోలరు నడిపి పైకొచ్చిన మనిషి. సొంతంగా చేయిస్తున్న మొదటి సైటు ఇదే. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏం చదివినావబ్బయ్యా?" అంది.

"సివిల్ ఇంజనీరింగ్ అక్కా."

"ఓహో. పార పట్టుకునే వైపేదో తెల్సునా?"

తొమ్మిదో నిబంధన దృష్ట్యా జవాబు చెప్పలేదు.

మూడో రోజు

వరుస పొడవు: నాలుగు కిలోమీటర్లు. పన్నెండో నిబంధన ఏమంటుందంటే, వరుస తోక ఎక్కడుందో అక్కడికి కిలోమీటరు ముందు బోర్డు ఉండాలి. అందుకని తోక వెనక్కి జరిగినప్పుడల్లా నేను సైకిలు మీద వెళ్లి కొత్త బోర్డు పాతి వస్తున్నాను. ఇప్పటికి నాలుగయ్యాయి. నా శ్రద్ధకి నాకే ముచ్చటేసింది.

కుడి లేను గొంతు దాకా మొత్తం ఖాళీ. దాంట్లో కుక్కలు పడుకుంటున్నాయి. అందరూ ఎడమ లేనులోనే, ఒకరి వెనక ఒకరు, పెళ్లి ఫోటోకి నిలబడినంత బుద్ధిగా ఉన్నారు. వరుస తప్పితే మర్యాద మార్కులు పోతాయి కదా. మార్కులు నలభై కిందికి పడితే టిఫిను హోటల్లో అందరూ తిని చేతులు కడుక్కున్నాక గానీ మన దోశ పెనమెక్కదు. దోశ కోసం మనిషి ఎంతటి సన్మార్గంలోనైనా నడుస్తాడు.

అయినా గంటకొకడు తెగించి కుడి లేనులోంచి రయ్యిమని గొంతు దాకా వస్తాడు. అక్కడ వాణ్ని ఎవరూ లోపలికి రానివ్వరు. అద్దాలు దిగుతాయి, రెండు వైపులా వంశవృక్షాలు బయటికి వస్తాయి, అందాకా వెనక అంతా ఆగిపోతుంది.

ఈ తెగించేవాళ్లని ఆపడానికి ఇవాళ ఒక స్వచ్ఛంద కార్యకర్త వెలిశాడు. బఠాణీ రంగు చిన్న కారు, తెల్లగీతకి అటు రెండు చక్రాలు, ఇటు రెండు చక్రాలు పెట్టి, రెండు లేన్లూ మూసేసి, గంటకి ఐదు కిలోమీటర్ల వేగంతో వస్తోంది. లోపల డెబ్బై దాటిన పెద్దాయన. తెల్ల చొక్కా, నిటారు వీపు. పక్కన నడుస్తూ అద్దం తట్టాను. నడక చాలు, పరుగు అక్కర్లేదు.

"ఎందుకండీ ఇట్టా మధ్యలో వస్తుండారు?"

"దొంగదారిన పొయ్యేవాళ్లని ఆపేదానికి."

"అది దొంగదారి కాదండీ, రోడ్డే."

"అందరూ నిలబడుకోనుంటే ఒకడు పక్కనించి పోతాడే, దాన్నేమంటారు? చదూకున్నోడివే గదా, చెప్పు."

"ఓవర్‌టేక్ అంటారండీ."

"మా బళ్లో బెత్తం అనేవాళ్లం."

పేరు గరటయ్య మాస్టారట. రోజూ ఒంగోల్లో స్నేహితుడింట్లో క్యారంబోర్డు ఆడి తిరిగి పోతుంటారట. ఆట కన్నా ఈ కాపలాలోనే ఎక్కువ మజా ఉన్నట్టు కనిపించింది.

ఐదో రోజు

వరుస పొడవు: ఎనిమిది కిలోమీటర్లు. బోర్డులు: ఎనిమిది. గొంతులోంచి నిమిషానికి తొమ్మిది బళ్లు.

వాన వేళల పట్టిక వచ్చింది. మన ప్రాంతానికి తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగున్నరకి, ఐదు గంటల పాటు. వెనకటికి వానలు చెప్పకుండా వచ్చేవట, జనం గొడుగులు ఊరికే మోసుకు తిరిగేవాళ్లట. ఇప్పుడు రైళ్లయినా ఆలస్యమవుతాయి గానీ వాన కాదు.

మస్తానక్క పట్టిక చూసింది. తర్వాత తవ్విన గోతిలోకి దిగి, కంకర మీద చెయ్యి పెట్టి చెప్పింది. "దీని మీద తారు పడకుండా వాన పడిందంటే మొత్తం కొట్టుకోని పోద్ది. నలభై రోజుల పని. నన్ను మళ్లా జెండాకి పంపిస్తారు. ఊపనని కాదబ్బయ్యా, ఇరవై రెండేళ్లు ఊపినా. కానీ ఈ రోడ్డు నాది."

ఇంకా నాలుగు లారీల తారు పడాలి. ఇవాళ రావాల్సిన లారీ సాయంత్రం ఐదుకి వచ్చింది. దాన్ని నడిపే జిలానీ దిగి, వెనక తలుపు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తారు కిందికి జారలేదు. తారు మిక్స్ ప్లాంటులో నూటయాభై ఐదు డిగ్రీల దగ్గర బయల్దేరుతుంది, నూటఇరవై కిందికి పడితే పనికిరాదు. ఇది నూటఎనిమిది.

"ఏంది జిలానీ, ఇది?" అంది అక్క.

"నన్నడగతావేందక్కా? రెండు గంటలు ఆ వరసలోనే ఉండా. నా ముందు కార్లో ఆమె స్టీరింగు పట్టుకోని ఏడస్తా ఉండాది. దిగి పొయ్యి మంచినీళ్లిచ్చొచ్చినా."

మా రోడ్డు తవ్వకం వల్ల వరుస. వరుసలో చిక్కుకుని మా తారు చల్లారింది. తారు చల్లారితే రోడ్డు పూర్తికాదు. రోడ్డు పూర్తికాకపోతే వరుస పోదు. దీని గురించి నాకు అభిప్రాయం లేదు, తలనొప్పి ఉంది.

తారుని పైనుంచి ఎగిరే బండిలో తెప్పించొచ్చు కదా అని అడిగాను. అంబులెన్సులు అలాగే పోతాయి. పద్దెనిమిది టన్నుల మరిగే తారు నెత్తి మీదుగా పోతానంటే కింది ఊళ్లవాళ్లు ఒప్పుకోరట. సంకుచిత స్వభావులు.

ఆరో రోజు

వరుస పొడవు: పదకొండు కిలోమీటర్లు. బోర్డులు: పదకొండు. నిమిషానికి ఏడు బళ్లు.

పొద్దున టీ తాగుతూ తొలి రోజు నుంచి పై మూడు అంకెల్ని ఒకదాని కింద ఒకటి రాశాను. టీ గొంతులో అడ్డం పడింది. అక్క దగ్గరికి వెళ్లి, తల వంచుకుని, కాగితం చూపించాను. అక్క నెమ్మదిగా చదివింది.

"అంటే... బోర్డు చూసి జనం అక్కడికక్కడే ఎడమకి దూరతుండారు."

"అవునక్కా."

"ఆడినించి స్టీరింగు వాళ్ల చేతికొస్తుండాది. నడపను రాక నత్తల్లాగా పాకతుండారు. దాంతో వరస పెరగతుండాది."

"అవునక్కా."

"వరస పెరిగితే నువ్వు సైకిలేసుకోని పొయ్యి ఇంకో బోర్డు పాతతుండావు."

"పన్నెండో నిబంధన అక్కా."

"నీ పన్నెండో నిబంధనని నా తార్లో ఏసి తొక్కా!"

నిన్నటి లారీలో గడ్డకట్టిన తారుని గునపాలతో కొట్టి దించే పని నాకే అప్పజెప్పింది. పార పట్టుకునే వైపేదో ఈ సందర్భంగా తెలుసుకున్నాను.

ఏడో రోజు

పది బోర్డులు పీకేశాను. మిగిలిన ఒక్కదాని మీద అక్షరాలు చెరిపి కొత్తగా రాశాను: "రెండు లేన్లలోనూ చివరిదాకా రండి. గొంతు దగ్గర అటు ఒకరు, ఇటు ఒకరు." రెండు లేన్లు వాడితే తోక సగమవుతుంది. అందరూ చివరికి వచ్చి వంతులవారీగా దూరితే జగడం ఉండదు. మహా సులభం. ఇంత సులభమైన సంగతి కనిపెట్టినందుకు రోడ్డు పక్కన నిలబడి నన్ను నేను అభినందించుకున్నాను.

ఒక్కరూ కుడి లేనులోకి రాలేదు.

ఒక పెద్దమనిషి కారు దిగి, బోర్డుని ఎవరో ఆకతాయిలు దిద్దారని ఫిర్యాదు రాసి నా చేతికే ఇచ్చాడు. ఇంకో ఆవిడ అద్దం దించి గుసగుసగా అడిగింది: "ఇది పరీక్షా బాబూ? ఎవురు దూరతారో చూసి మార్కులు కోసేదానికా?"

"కాదమ్మా, నిజంగానే వెళ్లొచ్చు."

"అట్టాగే అంటారు" అని అద్దం ఎక్కించేసుకుంది.

జనాన్ని వరుసలో పెట్టడానికి ముప్పై ఏళ్లు పట్టిందట. ఇప్పుడు వాళ్లని రెండో వరుసలోకి పిలవడం రథాన్ని వెనక్కి లాగినట్టుంది.

ఎనిమిదో రోజు

అక్క జిలానీకి కుడి లేనులోంచే రమ్మని చెప్పింది. వచ్చాడు. ఆరు కిలోమీటర్లు గాలిలా వచ్చాడు. అక్కడ బఠాణీ కారు తగిలింది. మాస్టారికి ఇవాళ శిష్యులు కూడా తోడయ్యారు. ఐదు కార్లు, ఒకదాని వెనక ఒకటి, అన్నీ తెల్లగీత మీదే. ఖాళీగా ఉన్న లేనుకి ఇంత పటిష్ఠమైన భద్రత ఏ ఖజానాకీ ఉండదు. జిలానీ బతిమాలాడు, దండం పెట్టాడు. "నీ పని నీకు గొప్ప, వాళ్ల పని వాళ్లకి గొప్ప. వరసలో రా" అన్నారట మాస్టారు.

తారు: తొంభై ఆరు డిగ్రీలు. గునపం: నేను.

సాయంత్రం అక్క గోతి అంచున కూర్చుని చెప్పులు విడిచి కాళ్లు లోపలికి వేలాడేసింది. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకుండా కూర్చుంటే చూడలేకపోయాను. జోకొకటి వేశాను. నవ్వలేదు. ఇది పరిశీలన.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం పన్నెండు

నాలుగు లారీలు పదకొండున్నరకి ప్లాంటులో బయల్దేరాయి. ఇవాళ పడితే పడినట్టు, లేకపోతే లేదు. ముందు జిలానీ. మళ్లీ కుడి లేనులోనే. మళ్లీ మాస్టారు.

అక్క నెత్తికి తువ్వాలు చుట్టుకుని, గొంతు దగ్గర నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. వెంట నేను. రెండున్నర కిలోమీటర్లు నడిచాక బఠాణీ కారు ఎదురైంది. దాని వెనక శిష్యులు, వాళ్ల వెనక నాలుగు లారీలు, పైన గుడ్డల కిందనుంచి సన్నగా పొగ.

అక్క వంగి అద్దంలోకి చూసింది. "బాగుండారా మాస్టారూ? నేను మస్తానమ్మని. ఎనిమిది బి."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎనిమిది బీలో నలుగురు మస్తానమ్మలుండిరి."

"ఖోఖో ఆడేదాన్ని."

"అందరూ ఆడినోళ్లే."

"ఆడతా పడిపొయ్యేదాన్ని."

"ఆఁ! నువ్వా! మోకాలుకి ఎప్పుడూ కట్టే!" మాస్టారి మొహం ఒక్కసారి వెలిగింది. వెంటనే తాను డ్రిల్లు మాస్టారునని గుర్తొచ్చి బిగుసుకుంది. "ఆ లారీ కోసమైతే మాట్లాడొద్దు. ఎవురి పనైనా వరసలోనే."

"నేనడిగేదీ వరస గురించే మాస్టారూ. పొద్దన్నే ప్రార్థన అయినాక ఆరొందల మందిమి ఒక్క గేట్లోంచి లోపలికి పొయ్యేవాళ్లం గదా. ఎట్టా పంపిచ్చేవాళ్లు మీరు?"

"ఎట్టా ఏముండాది? రెండు వరసలు కట్టిచ్చి..."

"ఒక్క వరసే కట్టిస్తే పొయ్యేది గదా?"

"పిచ్చిదానా, ఒక్క వరసైతే తోక బజార్లోకి పొయ్యేది. బస్సులొచ్చే దారి. గేటు దాకా రెండు వరసలు రావాల, గేటు కాడ దీంట్లో ఒకడు, దాంట్లో ఒకడు. తోసుకునేది లేదు, ఆగేది లేదు. ఐదు నిమిషాల్లో ఆరొందల మంది!" చెబుతున్నకొద్దీ మాస్టారి వేళ్లు స్టీరింగు మీద అటూ ఇటూ ఆడాయి.

"మరి ఆ రెండో వరసలోవాళ్లు దొంగలా మాస్టారూ?"

మాస్టారి వేళ్లు ఆగాయి. ముందున్న కుడి లేను వైపు చూశారు. రెండున్నర కిలోమీటర్లు, నున్నగా, ఖాళీగా, రెండు కుక్కలు. ఎడమ వైపు చూశారు. కార్లలో పిల్లలు అద్దాలకి ముక్కులు ఆనించి మమ్మల్నే చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంతకాలం తెల్ల చొక్కా వేసుకుని ఎవరి వరుసకి కాపలా కాశారో ఆ వరుసే ఆయన్ని చూసి నవ్వుతున్నట్టు అనిపించిందేమో.

"ఎక్కండి" అన్నారు చివరికి.

బఠాణీ కారు తెల్లగీత దాటింది. నాలుగు చక్రాలూ కుడి లేనులోకి వచ్చాయి. మాస్టారు సిగ్గుతో తల ఎంత కిందికి దించారంటే, బయటివాళ్లకి కారు తనంతట తానే పోతున్నట్టు కనిపించి ఉంటుంది. ఎడమ లేనులో గగ్గోలు. "గరటయ్య మాస్టారే దూరతుండాడు రోయ్!" వెనక శిష్యులు ఐదుగురూ ఒక క్షణం తెల్లమొహం వేసి, గురువు చూపిన దారి కాబట్టి వెంటపడ్డారు. వాళ్ల వెనక జిలానీ, ఇంకా మూడు లారీలు. వాటి వెనక, ఇంతమంది పోతుంటే మార్కులు ఎవరివని కోస్తారని ధైర్యం తెచ్చుకుని, జనం.

అదే రోజు, ఒంటిగంట

గొంతు దగ్గర అసలు యుద్ధం మొదలైంది. కుడి లేను ఒక్కసారి నిండేసరికి ఎడమవాళ్లు సందివ్వడం మానేశారు. అద్దాలన్నీ దిగాయి. వంశవృక్షాలు మూడు తరాల దాకా వెళ్లాయి.

మాస్టారు కారుని, గోతి చుట్టూ అడ్డం పెట్టిన శంకుల లోపలికి పెట్టి దిగి, బోర్లించిన తారు డ్రమ్ము ఎక్కారు. అక్క ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

"సా...వ్‌ధాన్!"

నేను చూసింది మాత్రమే రాస్తానని ప్రమాణం చేశాను, కాబట్టి రాస్తున్నాను. కార్లలో కూర్చున్నవాళ్లు నిటారుగా అయ్యారు. రోలరు మీద ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు. నా మడమలు వాటంతట అవే కలిశాయి.

"ఎడమ ఒకటి! కుడి ఒకటి! ఎడమ ఒకటి! ఏయ్ ఎర్ర కారు, నీ వంతు కాదు, ఆగు! కుడి ఒకటి! స్టీరింగుని పట్టుకోమ్మా, వాటేసుకోబాకు! ఎడమ ఒకటి! ఎవురికి రా తొందర? మీ నాయన కూడా ఇట్టానే తోసుకునేవాడు! కుడి ఒకటి!"

మొదటి ఐదు నిమిషాలు తడబడ్డారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే జడ అల్లినట్టు పడింది. సందిచ్చినవాడికి దూరినవాడు చెయ్యి ఊపడం, ఇచ్చినవాడు నవ్వడం. నిమిషానికి పంతొమ్మిది బళ్లు. రెండుసార్లు లెక్కపెట్టాను. పంతొమ్మిదే.

జిలానీ లారీ ఒంటిగంటా పదికి గొంతులోకి వచ్చింది. మాస్టారు దాన్ని కూడా వంతు వచ్చేదాకా ఆపారు. ఒక్క బండి ఆగి, కుడి ఒకటి అనిపించుకుని లోపలికి తిరిగింది. అక్క పరిగెత్తి వెళ్లి తారులో ఉష్ణమాపకం గుచ్చింది. 

"నూటముప్పై తొమ్మిది!" అని అరిచింది. తర్వాత నన్ను ఒక్కటి చరిచింది. ప్రేమతోనే. భుజం ఇంకా నొప్పిగా ఉంది.

అదే రోజు, సాయంత్రం

రెండో లారీ నూటముప్పై ఏడు. మూడోది నూటముప్పై నాలుగు. నాలుగోది నూటముప్పై. నాలుగూ పొగలు కక్కుతూ జారాయి. వాటిని పరిచే యంత్రం ముందు, రోలరు వెనక, రోలరు వెనక అక్క వంగి వంగి చూసుకుంటూ, కొత్త చీర మడతలు సరిచేసినట్టు. మూడున్నరకి పడమట మబ్బు నల్లగా లేచింది. నాలుగుంబావుకి గాలి. మాస్టారి గొంతు బొంగురుపోతే శిష్యులు వంతులు వేసుకుని అరిచారు. తర్వాత వాళ్లూ ఆపేశారు, అవసరం లేక.

నాలుగు గంటల ఇరవై ఆరు నిమిషాలకి రోలరు చివరి అంచు దాటి ఆగింది.

"రాయబ్బయ్యా" అంది అక్క. "నాలుగూ ఇరవైకే అయిపోయిందని రాయి."

"ఇరవై ఆరు అక్కా."

"నా మొదటి సైటు రా!"

"కళ్లతో చూసింది మాత్రమే రాస్తానని..."

"చావు. ఇరవై ఆరే రాసుకో."

నాలుగున్నరకి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, వాన దిగింది. వేడి రోడ్డు మీద చినుకులు పడి ఆరువందల మీటర్ల పొడవునా తెల్లటి ఆవిరి లేచింది. నీళ్లు నున్నగా పక్కకి జారిపోయాయి. ఒక్క రాయి కదల్లేదు. అక్క నెత్తి మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ఆ ఆవిరిలోకి నడిచింది. మధ్యలో ఆగి, రెండు చేతులూ చాచి, గిర్రున తిరిగింది. ఖోఖో పిల్ల ఈసారి పడిపోలేదు. రోలరు మనిషి దిగి తైతక్కలాడాడు. జిలానీ తన లారీకి దండం పెట్టాడు.

అప్పుడు వరుసలోంచి ఏదో పెద్ద చప్పుడు వచ్చింది. గొంతు పోయిన ఏనుగు ఘీంకరించినట్టు. అందరం ఉలిక్కిపడ్డాం. ఒక కారులో ఎవరో పిల్లది స్టీరింగు మధ్యలో నొక్కి చూసిందట. అది హారన్ అంట. సారథులు వచ్చాక ఎవరూ వాడని వస్తువు. పక్క కారువాడు తన స్టీరింగు మీద వెతికి నొక్కాడు. వాడి వెనకవాడు నొక్కాడు. అటు ఒకటి, ఇటు ఒకటి, క్షణంలో రెండు లేన్లూ, తోక దాకా. వాన చప్పుడు కూడా వినపడనంతగా.

"నిశ్శబ్దం!" అని మాస్టారు డ్రమ్ము మీద నుంచి బొంగురు గొంతుతో అరిచారు. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అరిచి, చుట్టూ చూసి, దిగి, వానలో తడుస్తూ తన బఠాణీ కారు దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. స్టీరింగుని పైనా కిందా తడిమారు. తల బయటికి పెట్టారు.

"మస్తానమ్మా! ఇది యాడ నొక్కాలమ్మే?"